పెద్దిల్లు, కొడుక్కి గది లేదు

రుమా గదాంగ్ ఫోటో చూస్తే ఎవరి కళ్ళైనా ముందు కప్పు మీదికే పోతాయి. ఇండోనేషియాలో పశ్చిమ సుమత్రా వైపు మినాంగ్‌కబావు వాళ్ళ ఇల్లు అది, పేరుకి అర్థం కూడా పెద్దిల్లు అనే. కప్పు కొసలు దున్న కొమ్ముల్లా పైకి లేచి ఉంటాయి. పూర్వం జావా వాళ్ళు దండెత్తి వస్తే యుద్ధం బదులు దున్నల పోటీ పెట్టుకున్నారట, వాళ్ళు బలిసిన దున్నని దింపితే వీళ్ళు పాలు తాగనివ్వకుండా ఉంచిన దూడ మూతికి ఇనప మొన కట్టి వదిలారట, అది పాల కోసం దున్న పొట్ట కిందికి దూరి పొడిచేసిందట. కథ బావుంది గానీ నన్ను పట్టేసింది మాత్రం కప్పు కింద గదుల లెక్క.

ఇల్లు ఆడవాళ్ళది, తల్లి నుంచి కూతుళ్ళకి వస్తుంది. ముందంతా పొడవాటి హాలు, వెనక వరసగా చిన్న గదులు, అవి ఆడవాళ్ళకే. కొత్తగా పెళ్ళయిన అమ్మాయికి చివరి గది ఇస్తారు, తర్వాత చెల్లెలి పెళ్ళయితే అక్క ఒక గది జరగాలి, అలా జరుగుతూ జరుగుతూ వంటింటి వైపు చేరుతుంది. పాతకాలంలో భర్త రాత్రికి వచ్చి పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. వాళ్ళ సామెతలో అల్లుడు మోడు మీద బూడిద, గాలి వీస్తే అంతే సంగతులు!

మరి కొడుకు? ఏడేళ్ళు వచ్చేసరికి రాత్రి పడక సురావులోకి మారేది. అది ఊరి ప్రార్థనా మందిరం, ఖురాన్ చదువూ సిలాట్ సాముగరిడీ అన్నీ అక్కడే. (అవును, వీళ్ళు ముస్లింలే, ఆస్తి మాత్రం ఆడవాళ్ళ వైపు.) ఇంకాస్త ఎదిగాక సంపాదన కోసం దేశాలు పట్టి పోవడం, దాన్ని మెరంతావ్ అంటారు.

అలాగని మగవాళ్ళ మాట చెల్లదని కాదు. ఇంటి పెద్దరికం మేనమామది, తన పిల్లల కంటే అక్కచెల్లెళ్ళ పిల్లల బాధ్యతే అతని మీద ఎక్కువగా ఉంటుంది. గోడల మీద చెక్కే చుట్టుకున్న ఫెర్న్ చిగురుకి కూడా ఈ అర్థమే చెప్తారు, బిడ్డ ఒళ్ళో, మేనల్లుడు చేతి పట్టున అని.

స్తంభాలు భూమిలో పాతరు, బల్లపరుపు రాళ్ళ మీద నిలబెడతారు. చెక్కల్ని మేకుల్లేకుండా ఒకదాన్లో ఒకటి దూర్చి బిగిస్తారు. భూకంపాల నేల కదా, ఊగినా విరక్కుండా.

ఇప్పుడు చాలామంది మామూలు ఇళ్ళలో భార్యాభర్తలూ పిల్లలూగానే ఉంటున్నారు. నల్లటి నార కప్పుల బదులు చాలాచోట్ల రేకులొచ్చాయి. వంశపు భూమిని మాత్రం అమ్మకూడదు, ఆచారం ప్రకారం తాకట్టు పెట్టాలన్నా నాలుగే కారణాలు: ఎదిగిన పిల్లకి పెళ్ళి కాకపోవడం, ఇంట్లో శవం ఉండటం, పడిపోయిన వంశపెద్ద పదవిని మళ్ళీ నిలబెట్టడం, నాలుగోది పెద్దిల్లు కప్పు కారడం.