రన్‌వే మీద 40 సెంటీమీటర్లు

సెస్నా 172 (చిన్న విమానం) లాంటి సాధు జంతువుని కూడా ముక్కు మీద దింపిన ఘనత నాది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ రోజు మాత్రం రాలేదు.

ఫైనల్‌లో (రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దశ) వేగం 65 నాట్లు ఉండాల్సింది 75 మీద వచ్చా, స్పీడ్ కాస్త ఎక్కువుంటే సేఫే కదా అని ఒక పిచ్చి నమ్మకం. ఫ్లేర్ చేస్తే (నేల దగ్గర ముక్కు కాస్త పైకెత్తితే) తేలుతూనే ఉంది, దిగట్లేదు, ఓపిక పట్టలేక యోక్ (ముక్కుని పైకీ కిందికీ కదిపే హ్యాండిల్) ముందుకి తోసేశా, ముక్కు చక్రం ముందు తగిలి పైకెగిరింది, మళ్ళీ తోశా, మళ్ళీ ఎగిరింది, మూడోసారికి ముక్కు చక్రం విరిగి ప్రొపెల్లర్ నేలని కొట్టేసింది. మొదటిసారి ఎగిరినప్పుడే ఫుల్ పవర్ పెట్టి గో-అరౌండ్ (దిగడం మానేసి మళ్ళీ పైకెళ్ళడం) వెళ్ళుంటే ఈ కథే లేదు. దెబ్బలేం తగల్లేదు. మిక్స్చర్ (ఇంజిన్‌కి ఇంధనం ఎంతో మార్చే లివర్), ఫ్యూయల్, మాస్టర్ (కరెంటు మెయిన్ స్విచ్) అన్నీ ఆఫ్ చేసి దిగి దూరంగా నిల్చున్నాక మొదలైంది కాళ్ళ వణుకు.

ప్రొపెల్లర్, చక్రం వరకే అయితే లెక్కల్లో అది యాక్సిడెంట్ కాదట, కానీ ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు) ముడతలు పడింది, అంటే స్ట్రక్చర్ దెబ్బతిన్నట్టే, ఇక ఇన్వెస్టిగేషన్ తప్పదు. ఫ్యూయల్ శాంపిల్, లాగ్‌బుక్, మెడికల్ సర్టిఫికెట్, వెయిట్ అండ్ బ్యాలెన్స్ షీట్ (విమానంలో బరువు లెక్కల కాగితం) అన్నీ తీసుకున్నారు.

ఇంటర్వ్యూలో గట్టిగా చెప్పా, థ్రాటిల్ (ఇంజిన్ పవర్ లివర్) పూర్తిగా లాగి పవర్ తగ్గించేశాను, గాలి ఒక్కసారిగా తోసింది అని. అబద్ధం కాదండీ, నాకు అలాగే గుర్తుంది. ఇన్వెస్టిగేటర్ ఏమీ అనలేదు, గాలి రికార్డు తీశారు, 4 నాట్లు. తర్వాత రన్‌వే మీద ప్రొపెల్లర్ కోసిన గీతల పక్కన కొలిచే టేపు పెట్టి తీసిన ఫొటో చూపించారు. నా ట్యాబ్లెట్ జీపీఎస్‌లో అక్కడ స్పీడ్ 50 నాట్లు, అంటే సెకనుకి 26 మీటర్లు. రెండు బ్లేడ్లు, ఐడిల్‌లో (పవర్ ఇవ్వకుండా) 800 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 800 చుట్లు తిరిగితే సెకనుకి 27 దెబ్బలు, గీతకీ గీతకీ దాదాపు మీటరు రావాలి. అక్కడున్నది 40 సెంటీమీటర్లు, అంటే ఇంజిన్ 1950 దగ్గర తిరుగుతోంది. దానికి తోడు బ్లేడ్ల చివర్లు ముందుకి వంగాయి, పవర్ ఉన్నప్పుడే అలా వంగుతాయట. అంటే ఒక చేత్తో ముక్కు కిందికి తోస్తూ ఇంకో చేత్తో పవర్ ఇచ్చా!

ఇంజిన్ మొత్తం విప్పి చూడాల్సొచ్చింది, నేను ఇన్‌స్ట్రక్టర్‌తో మళ్ళీ ల్యాండింగులు చేశా. నెలల తర్వాత వచ్చిన రిపోర్ట్‌లో నా పేరు లేదు, ఉత్త "పైలట్" అంతే, తప్పెవరిదని తేల్చడం వాళ్ళ పని కాదు కదా. ఆ టేపు ఫొటో మాత్రం ఉంది. థ్రాటిల్ ఎప్పుడు తోశానో ఇప్పటికీ గుర్తు రావట్లేదు.