ఎస్‌ఏ బయాలజీ ప్రిపరేషన్: బడిలో చెబుతూ చదివిన సంగతులు

డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష)లో ఎస్‌ఏ, అంటే స్కూల్ అసిస్టెంట్, బయాలజీ పోస్టుకి చదువుతున్న మిత్రులకు నమస్కారం. శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు ఒక చిన్న ప్రైవేటు బడిలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సైన్స్ చెబుతూనే నేను 2025 డీఎస్సీకి చదివాను. ఉద్యోగం మానేసి డీఎస్సీ కోచింగ్‌కి అవనిగడ్డ వెళ్లిపొమ్మని ఇంట్లోవాళ్లూ, తోటి టీచర్లూ చెవిలో జోరీగలా పోరారు. వెళ్లలేదు. అందుకు కారణం డబ్బొక్కటే కాదు.

ముందు 2025 డీఎస్సీ మార్కుల లెక్క చూసుకోండి. రాతపరీక్ష 80 మార్కులు, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) వెయిటేజీ 20. మొత్తం 160 ప్రశ్నలు, ఒక్కోదానికి అర మార్కు. కంటెంట్‌కి 40, మెథడాలజీకి 20, జీకే, కరెంట్ అఫైర్స్‌కి 10, విద్యా దృక్పథాలకూ సైకాలజీకీ చెరో 5. అంటే కంటెంట్, మెథడాలజీ కలిపి 80లో 60 మార్కులు రోజూ క్లాసులో మనం చేసే పనిలోంచే వస్తాయి.

ఫలాల పాఠమే తీసుకోండి. మా ఉద్దానం (సోంపేట చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటల ప్రాంతం) పిల్లలకు దీన్ని పుస్తకం చూసి చెబితే నవ్వుతారు. తోటల్లోంచి కొబ్బరికాయా, జీడిపండూ తెచ్చి బల్ల మీద పెట్టేశారు. ‘దీనికి గింజ బయటికెందుకుంది టీచర్?’ అన్నాడొకడు జీడిపండు చూపించి. ఆ ఒక్క ప్రశ్న నన్ను ఇంటర్ బోటనీ దాకా తీసుకెళ్లింది. జీడిమామిడిలో మనం పండు అనుకునేది ఉబ్బిన పుష్పవృంతం, అంటే పువ్వు కాడ. కింద వేలాడే జీడికాయే అసలు ఫలం. ఆపిల్‌లో ఉబ్బేది పుష్పాసనం, అంటే పువ్వు భాగాలను మోసే పీఠం. రెండూ అనృత ఫలాలే (అండాశయం కాక పువ్వులోని వేరే భాగం ఉబ్బి ఏర్పడేవి) కాబట్టి ఆప్షన్లు తారుమారు చేసి ఇస్తే చాలామంది తడబడతారు. కొబ్బరిలో పీచు మధ్య ఫలకవచం, చిప్ప అంతర ఫలకవచం, మనం తినేది అంకురచ్ఛదం, అంటే మొలకకు ఆహారం దాచే కణజాలం. మామిడిలో మాత్రం తినేది మధ్య ఫలకవచమే. కాయ పగలగొట్టి ఒక్కో పొరా పిల్లల చేత పట్టించి చూపించాక ఇక దీనికి షార్ట్‌కట్ కోడ్‌లు అక్కర్లేదు.

విసర్జన గురించి చెప్పేటప్పుడు, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో గొంతు కొంచెం తగ్గించాల్సి వస్తుంది. ‘క్రియాటినిన్ అంటే ఏటి టీచర్? మా తాతకి పెరిగిపోనాదంట’ అని ఏడో తరగతి పిల్ల అడిగింది. కండరాల్లో తయారయ్యే వ్యర్థమనీ, కిడ్నీలు సరిగా వడపోయకపోతే రక్తంలో నిలిచిపోతుందనీ చెప్పాను. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా పూర్తిగా తేలలేదని కూడా దాచకుండా చెప్పాను. ఆ రాత్రి నెఫ్రాన్ (కిడ్నీలో రక్తాన్ని వడపోసే సూక్ష్మ నిర్మాణం) చాప్టర్ మళ్లీ తెరిచాను. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు, రక్తకేశనాళికా గుచ్ఛంలో వడపోత, నాళికల్లో పునఃశోషణ, ఆపైన స్రావం. డయాలసిస్ యంత్రంలో యూరియా పొర దాటుతుంది, రక్తకణాలు దాటవు, ఎందుకు? మర్నాడు ఆ పిల్లకు ఏం చెప్పాలా అని చదివాను కాబట్టి పరీక్ష సంగతి గుర్తే లేదు.

మెథడాలజీ (బోధనా పద్ధతులు) మెటీరియల్స్ చాలావరకు ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవే. ఒకటి చాలు. దాన్ని మీ పాఠానికి తగిలించి చూడండి. పిండిపదార్థ పరీక్షలో ఆకును ఆల్కహాల్‌లో మరిగిస్తాం కదా. ‘ఆల్కహాల్ గిన్నెను నేరుగా మంట మీద పెట్టకుండా నీళ్ల గిన్నెలో ఎందుకు పెట్టాలి?’ అని అడిగితే పిల్లవాడు కారణం చెప్పాలి, అది వినియోగం. క్రోటన్ ఆకులో ఏ భాగం నీలినలుపుగా మారిందో, ఏది మారలేదో పోల్చి చెబితే అవగాహన. అయోడిన్ పేరు గుర్తుచేసుకుంటే జ్ఞానం. పరికరాలు సరిగ్గా అమర్చితే నైపుణ్యం. ఇలా పిల్లవాడు చేసే పనిని బట్టి లక్ష్యాన్ని గుర్తించే స్పష్టీకరణల మీద వచ్చే ప్రశ్నలు ఇంతకంటే కష్టంగా ఉండవు.

బడి పాఠాలతో అంతా అయిపోతుందని మాత్రం అనుకోవద్దు. జంతు వర్గాలూ వాటి ఉదాహరణలూ, జన్యుశాస్త్రం, మొక్కల కుటుంబాలూ ఇంటర్ తెలుగు అకాడమీ పుస్తకాల్లో కూర్చుని చదవాల్సిందే. అవి నేను తెల్లవారుజామున చదివేదాన్ని, సాయంత్రం స్టడీ అవర్ అయ్యేసరికి బుర్ర పనిచేసేది కాదు. జీకేకి రోజూ పేపరు చాలు. సిలబస్ ఎంత మిగిలిందోనని టెన్షన్ పడే బదులు, ఒక చాప్టర్‌కి పాఠ్యపథకం రాసి, అందులోంచే ఇరవై బిట్లు మీరే తయారుచేసి తోటి టీచర్ చేత చేయించండి. తప్పు ఆప్షన్లు రాయడం మొదలుపెడితే పేపర్ సెట్ చేసేవాళ్లు ఎక్కడ మెలిక పెడతారో తెలిసిపోతుంది.