ల్యాప్‌టాప్ లేస్తే మానిటర్ కూడా లేవాలి

నా బల్ల మీద ఉన్నది ఒకటే మానిటర్. దానికి వంతులవారీగా మూడు ల్యాప్‌టాప్‌లు తగిలిస్తుంటాను: ఆఫీసు వాళ్లిచ్చిన విండోస్, నేను కొనుక్కున్న మ్యాక్, పాతదాంట్లో వేసుకున్న లినక్స్. వీటిలో బయటి మానిటర్‌తో ఏది నమ్మకంగా పనిచేస్తుందని చాలామంది అడుగుతారు. కేబుల్ పెట్టగానే బొమ్మ రావడం ఇప్పుడు మూడింట్లోనూ మామూలే, దాన్ని బట్టి మార్కులు వేయడం దండగ. నేను చూసేది ఒక్కటే: గంటసేపు వదిలేసి వచ్చి కీ నొక్కితే మానిటర్ కూడా లేవాలి, ఏ విండో ఎక్కడ పెట్టానో అక్కడే ఉండాలి.

మీటింగ్ ఇంకో రెండు నిమిషాలుందనగా వచ్చి కూర్చుంటే, నల్లటి తెర మీద ‘నో సిగ్నల్’ అన్న చిన్న పెట్టె అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, ల్యాప్‌టాప్ తెర మీద చూస్తే తొమ్మిది విండోలు ఒకదాని మీద ఒకటి కుక్కేసి ఉంటాయి, కావలసిన ఫైలు వాటి అడుగున ఎక్కడో. ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది. చాలా రోజులు ఇది ఆపరేటింగ్ సిస్టమ్ తప్పే అనుకున్నాను.

కాదని తర్వాత అర్థమైంది. మానిటర్ తాను ఉన్నట్టు చెప్పడానికి హెచ్‌డీఎంఐలోనూ డిస్‌ప్లేపోర్ట్‌లోనూ ప్రత్యేకంగా ఒక పిన్ ఉంటుంది, హాట్ ప్లగ్ డిటెక్ట్ అంటారు. ఆ సంకేతం అందాక ల్యాప్‌టాప్ మానిటర్‌లోంచి ఈడీఐడీ అనే చిన్న పట్టిక చదువుకుంటుంది. అందులో ముఖ్యమైన భాగం 128 బైట్లే, తయారీదారు ఎవరు, ఏ రిజల్యూషన్లు వస్తాయి లాంటివన్నీ అందులోనే. డిస్‌ప్లేపోర్ట్ మానిటర్లలో చాలావాటికి గాఢనిద్రలోకి వెళ్లగానే ఆ సంకేతాన్ని కూడా ఆపేసే అలవాటుంది. అప్పుడు ల్యాప్‌టాప్‌కి ఎవరో కేబుల్ పీకేసినట్టే లెక్క, విండోలన్నీ చిన్న తెర మీదికి తెచ్చేసుకుంటుంది, పాపం అది చేసింది సరైన పనే. మానిటర్ మెనూలో డీప్ స్లీప్ ఆపేశాక నా బాధ తొంభై శాతం తీరింది. విండోస్ 11లో అయితే ఏ మానిటర్ పెట్టినప్పుడు విండోలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకునే సెట్టింగ్ కూడా ఉంది, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో చూడండి.

ఇంకోసారి ఇదే 4కె మానిటర్‌కి ఒకే యూఎస్‌బీ-సీ కేబుల్ పెట్టుకుని, బొమ్మ, కీబోర్డు, చార్జింగ్ అన్నీ దాని మీదే అని సంతోషించాను. కానీ మౌస్ కదిపితే కర్సర్ జారకుండా గెంతుతున్నట్టు అనిపించేది. లినక్స్‌లో డ్రైవర్లు మార్చి, కెర్నల్ మార్చి ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నాక మిగతా రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టి చూస్తే మూడింట్లోనూ రిఫ్రెష్ రేటు 30 హెర్ట్జే, అంటే తెర మీద బొమ్మ సెకనుకి ముప్ఫైసార్లే మారుతోంది! యూఎస్‌బీ-సీలో వేగంగా డేటా పంపే లేన్లు, అంటే దారులు, నాలుగే. మానిటర్ వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టులు పూర్తి వేగంతో పనిచేయాలంటే వాటిలో రెండు అటు పోతాయి, బొమ్మకి రెండే మిగులుతాయి. నా మానిటర్ అందుకోగలిగింది లేన్‌కి సెకనుకి 5.4 గిగాబిట్లు, రెండు లేన్ల మీద 4కె 60 హెర్ట్జ్ పట్టదు. మెనూలో ‘హై డేటా స్పీడ్’ తీసేసి ‘హై రిజల్యూషన్’ పెట్టగానే కర్సర్ నూనె రాసినట్టు జారింది.

అలాగని ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్య తేడాలు లేవని కాదు. ఒకే కేబుల్ మీద రెండు మానిటర్లను విడివిడిగా నడిపే ఎంఎస్‌టీ పద్ధతి 2010లో డిస్‌ప్లేపోర్ట్ 1.2తో వచ్చింది. విండోస్, లినక్స్ దాన్ని వాడుకుంటాయి, మ్యాక్ మాత్రం ఆ పద్ధతిలో పనిచేసే డాక్ (ఒక్క కేబుల్‌తో తగిలించి, చాలా పోర్టులు ఇచ్చే పెట్టె) పెడితే రెండు తెరల మీదా ఒకే బొమ్మ చూపిస్తుంది. పైగా ఎం1, ఎం2 చిప్‌లున్న మ్యాక్‌బుక్ ఎయిర్‌లు సొంతంగా నడిపేది ఒక్క బయటి మానిటర్‌నే. డాక్ కొనేముందు ఇది తెలుసుకోకపోతే డబ్బు వృథా. లినక్స్‌లో తలనొప్పి వేరే: ల్యాప్‌టాప్ తెరకి ఒక స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మలు ఎంత పెద్దగా కనిపించాలో), మానిటర్‌కి ఇంకోటి కావాలంటే తెర మీద విండోలు చూపించే పాత వ్యవస్థ ఎక్స్11లో నానా తిప్పలు, దాని తర్వాత వచ్చిన వేలాండ్‌లో చాలా నయం. కొన్ని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్ట్ నేరుగా రెండో గ్రాఫిక్స్ చిప్‌కి కలిపి ఉంటుంది, దాని డ్రైవర్ లేకపోతే ఆ పోర్ట్ ఉన్నా లేనట్టే. కానీ మానిటర్ తగిలిందని సిస్టమ్ అనుకుంటోందా లేదా అన్నది లినక్స్‌లో ఒక చిన్న ఫైలు తెరిచి చూసుకోవచ్చు, నాకు అది చాలా ఇష్టం. ఒక్క మానిటర్ చాలనుకుంటే నా అనుభవంలో మ్యాక్ ముందుంటుంది, రెండు మూడు కావాలంటే నేను విండోస్‌కే ఓటేస్తాను.

ఇప్పుడు ‘నో సిగ్నల్’ కనిపిస్తే ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయను. ముందు మానిటర్ కరెంటు వైరు తీసి, పది సెకన్లు ఆగి పెడతాను, ఎందుకంటే దాని లోపల నడిచేదీ ఒక సాఫ్ట్‌వేరే, అదీ ఇరుక్కుపోతుంది. అప్పటికీ రాకపోతే కేబుల్ మారుస్తాను. విండోస్‌లో అయితే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, తెరిచి ఉన్న పని ఏదీ పోదు.