వెజ్ డిమ్‌సమ్ అని పెట్టిందాంట్లో ఆయిస్టర్ సాస్: బెజవాడలో నా అనుభవం

ఇది మొన్న ఆదివారం మధ్యాహ్నం జరిగింది. మూడు రోజులైనా కోపం చల్లారలేదు. చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

మా పాప పుట్టినరోజు. డిమ్‌సమ్ తినాలని నెల రోజుల నుంచి అడుగుతోంది. పెళ్లికి ముందు ఉద్యోగం మీద నేను మూడేళ్లు హాంకాంగ్‌లో ఉన్నాను, ఆ కబుర్లు వింటూ పెరిగింది మరి. అక్కడ ఆదివారం వస్తే తాతలూ మనవలూ అందరూ కలిసి టీ తాగడానికి వెళ్తారు. దాన్ని యమ్‌చా అంటారు. టీ ముఖ్యం, వెదురు బుట్టల్లో వచ్చే చిన్న చిన్న తినుబండారాలు దానికి తోడు. అవే డిమ్‌సమ్. పక్కవాళ్లు మన కప్పులో టీ పోస్తే రెండు వేళ్లతో బల్ల మీద తడతాం, అదే థాంక్స్. కూజాలో టీ అయిపోతే మూత పక్కకి జరిపి పెడితే చాలు, పిలవకుండానే వేడినీళ్లు తెచ్చి పోస్తారు. ఇవన్నీ పాపకి ముందే నేర్పించాను.

బెంజి సర్కిల్‌కి దగ్గర్లో ఉన్న ఒక హోటల్‌కి ఫోన్ చేస్తే టేబుల్ తేలిగ్గానే దొరికింది. చాప్‌స్టిక్స్ రాకపోతే స్పూన్ ఇస్తారు, మొహమాటపడొద్దు.

అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లాం. మేం నలుగురం మాంసం తినేవాళ్లమే గానీ, మామయ్యగారు పోయినప్పటి నుంచి ఆవిడ మానేశారు. పన్నెండేళ్లయింది. గుడ్డు పడిన కేకు కూడా ముట్టరు. పైగా ఇది కార్తీకమాసం, ఇంటిల్లిపాదీ మానేసే నెల. అందుకే కూర్చోగానే చెప్పాను, “అన్నీ వెజ్జే, గుడ్డు కూడా వద్దు, వెజ్ బుట్టలు వేరే స్టీమర్‌లో పెట్టండి” అని. ఒకదాని మీద ఒకటి పేర్చి ఆవిరి పట్టేటప్పుడు పైబుట్టలో రొయ్యలుంటే ఆ నీళ్లు కిందబుట్టలోకి దిగుతాయి. ఈ సంగతి చాలామందికి తట్టదు, మీరూ అడగండి. మేనేజర్ స్వయంగా వచ్చి “ష్యూర్ మేడమ్” అన్నాడు.

మొదటి బుట్ట మూత తీయగానే అత్తయ్యగారి మొహం విప్పారింది. పల్చటి పొరలోంచి లోపలి క్యారెట్, పుట్టగొడుగు ముక్కలు కనిపిస్తున్నాయి. “ఇవి మన ఆవిరి కుడుములే కదమ్మా, మడత మాత్రం కజ్జికాయది” అన్నారు. ఆ పొర బియ్యప్పిండితో చేసింది కాదు. జిగురు తీసేసిన గోధుమ పిండిలో కర్రపెండలం పిండి కలిపి, మరిగే నీళ్లు పోసి కలుపుతారు. చల్లారితే గట్టిపడుతుంది, వేడిగా ఉండగానే తినాలి. చాలా బాగున్నాయి, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

తర్వాత వచ్చింది పాక్‌చోయ్. ఉడికించిన ఆకుకూర మీద నిగనిగలాడే నల్లటి సాస్ పోసి తెచ్చారు. మెనూలో దాని పక్కన పచ్చచుక్క ఉంది. అత్తయ్యగారు రెండు కాడలు తిన్నాక నేను నోట్లో పెట్టుకున్నాను. పెట్టుకోగానే తెలిసిపోయింది. మూడేళ్లు తిన్న రుచి, పొరబడే ప్రసక్తే లేదు. అది ఆయిస్టర్ సాస్. సముద్రపు ఆల్చిప్పల రసంతో చేసేది.

వడ్డించే కుర్రాణ్ణి పిలిచి మెల్లగా అడిగాను. తలొంచుకుని “కిచెన్‌లో అన్నిటికీ అదే వాడతారు మేడమ్” అన్నాడు. సీసా తెమ్మంటే తెచ్చాడు. వెనక దిగుమతిదారు అతికించిన స్టిక్కర్ మీద మట్టి రంగు త్రికోణం స్పష్టంగా ఉంది. నాన్‌వెజ్ గుర్తు. అత్తయ్యగారు ఆ సీసా వైపు చూసి స్పూన్ పళ్లెంలో పెట్టేశారు. ఒక్క మాట అనలేదు. నీళ్ల గ్లాసు పట్టుకుని వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లారు.

మేనేజర్ వచ్చి ఏమన్నాడో తెలుసా? “అది సాసే కదా మేడమ్, ముక్కలేం లేవు కదా!” మన ఆహార నిబంధనల్లో పాలు, పాల పదార్థాలు, తేనె లాంటివి పోగా జంతువుల నుంచి వచ్చిందేదైనా నాన్‌వెజ్జే, ముక్క కంటికి కనిపించాలన్న రూలేం లేదని చెప్పాను. పుట్టగొడుగులతో చేసిన వెజ్ సాస్ కూడా దొరుకుతుంది, అది వాడొచ్చు కదా అన్నాను. అతను క్యాష్ కౌంటర్ వైపు తిరిగి, అందరికీ వినబడేలా, “అంత మడీ ఆచారం ఉన్నవాళ్లు ఇంట్లో తినాలి గానీ ఇక్కడికెందుకు రావడం” అన్నాడు.

సరిగ్గా అప్పుడే అత్తయ్యగారు మూతి తుడుచుకుంటూ వస్తున్నారు. విన్నారు. చుట్టుపక్కల టేబుళ్ల వాళ్లు ఆవిణ్ణే చూస్తున్నారు. డెబ్భై ఏళ్ల మనిషి, చేసిన తప్పేమీ లేకుండా, కొంగు భుజం చుట్టూ లాక్కుని తలొంచుకుని కూర్చున్నారు. పాప ఏడుపు మొహం పెట్టింది. నాకు చేతులు వణికాయి. ఎవరి నిష్ఠ వాళ్లది. డబ్బు తీసుకుని పచ్చచుక్క పెట్టినవాడు ఆ చుక్కకి కట్టుబడి ఉండాలి. తోటకూర అమ్మే ముసలమ్మకి ఉన్నపాటి నిజాయితీ కూడా ఏసీ హోటల్‌కి లేకపోతే ఎలా?

బిల్లు 2,340. దాని మీద సర్వీస్ ఛార్జి పది శాతం, 234 రూపాయలు. అది మనల్ని అడక్కుండా వేయకూడదని కేంద్ర వినియోగదారుల సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటనే నిలబెట్టింది. ఆ మాటే చెప్పి, ఫోన్ తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నొక్కబోయేసరికి రెండు నిమిషాల్లో ఆ ఛార్జి కొట్టేశారు. పాక్‌చోయ్ డబ్బులూ తీసేశారు. 5 శాతం జీఎస్టీ మాత్రం కట్టాల్సిందే, దాని మీద గొడవ పడకండి. క్షమించమన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

మీరు వెళ్తే “వెజ్జేనా” అని అడిగి ఊరుకోవద్దు. ఆయిస్టర్ సాస్, ఫిష్ సాస్, చికెన్ పౌడర్ ఉన్నాయా అని పేరు పెట్టి అడగండి. తెల్లగా అట్టుముక్కలా ఉండే ముల్లంగి కేకు చూసి మోసపోవద్దు, అసలు పద్ధతిలో దాంట్లో ఎండురొయ్యలూ మాంసమూ వేస్తారు. అనుమానం వస్తే సీసా తెప్పించుకుని చూడండి. ఆ కుర్రాడికి వంద రూపాయలు చేతిలో పెట్టి వచ్చాను, నిజం చెప్పింది అతనొక్కడే.

కారులో అత్తయ్యగారే నన్ను ఓదార్చారు. “తెలియక తిన్నదానికి దోషం లేదులేమ్మా, పాప పండగ పాడు చెయ్యకు” అన్నారు. సోమవారం తెల్లవారకముందే దుర్గాఘాట్‌కి తీసుకెళ్లమన్నారు. ఆ చలిలో మూడు మునకలు వేసి, దీపం వదిలి, రోజంతా ఉపవాసం ఉన్నారు.

సోమవారం సాయంత్రం ఆ మేనేజర్ ఫోన్ చేశాడు. నేను పెట్టిన రివ్యూ తీసేస్తే మా అందరికీ ఫ్రీ లంచ్ ఇస్తాడట. మాకు తిండి వద్దు, అత్తయ్యగారికి ఫోన్ చేసి తప్పయిందని చెప్పండి, తీసేస్తాను అన్నాను. నంబరు కూడా ఇచ్చాను. ఇవాళ బుధవారం. ఇంకా చేయలేదు.