2014లో దొరికిన దోమ

ఇథియోపియాలో నా ఉద్యోగం ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు: దోమలు దొరికినచోట పటం మీద చుక్క పెట్టడం. నీళ్ల తొట్టెల్లో పొడుగు పిడి గరిటె ముంచి లార్వాలు తీసేవాళ్లు వేరు. నాకు కాగితాలు వస్తాయి. చేరిన రెండో నెలలోనే చరిత్ర తిరగరాశానని అనుకున్నాను.

మేము వెతుకుతున్నది అనాఫిలిస్ స్టీఫెన్సై, దక్షిణాసియా నగరాల్లో మలేరియాను మోసే దోమ. "మీకంటే ముందే దీనికి వీసా దొరికింది" అని సహోద్యోగులు నన్ను ఆటపట్టించేవారు. 2012లో అది పొరుగు దేశం జిబూటిలో కనిపించింది. ఆ ఏడాది ఆ దేశంలో నమోదైన మలేరియా కేసులు 27. 2020లో 73 వేలు దాటాయి. అంతా దీని పుణ్యమే అనలేము గానీ, దాని వాటా చిన్నది కాదు. ఇథియోపియాలో మొదట దొరికింది 2016లో, కెబ్రి దెహార్‌లో.

డిరే దావా నగరం నుంచి వచ్చిన కాగితాలు కంప్యూటర్‌లోకి ఎక్కించగానే తొమ్మిది చుక్కలు 2014 రంగులో వెలిగాయి. దేశంలో తొలిసారి దొరకడానికి రెండేళ్ల ముందే! పై అధికారికి ఉత్తరం సగం రాసేశాను కూడా. పక్క బల్ల దగ్గరి ఆవిడ తెర వైపు చూసి, కాఫీ పూర్తిచేసి, నెమ్మదిగా అన్నారు: "ఇక్కడ ఇప్పుడు నడుస్తున్నది 2014 కదండీ."

అప్పుడు బయటి లోకంలో 2022. ఇథియోపియా పంచాంగం ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుంది, నెలలు పదమూడు. ఇది నాకు తెలియక కాదు. విమానం దిగిన రోజే "ఏడేళ్ల వయసు తగ్గింది" అని నవ్వుకున్నాను. పని దగ్గర గుర్తు రాలేదు, అంతే.

గడియారం ఇంకా చిక్కు. అక్కడ రోజు తెల్లవారుజామున మొదలవుతుంది. మన సాయంత్రం ఏడు వాళ్లకు రాత్రి ఒంటిగంట. దోమ ఏ వేళకు కుడుతుందన్నదాన్ని బట్టే దోమతెర ఎంత కాపాడుతుందో తేలుతుంది. జనం ఇంకా వాకిట్లో మాట్లాడుకుంటుండగా పట్టిన దోమ, నా పట్టికలో అందరూ నిద్రపోయాక పట్టినదైపోయింది. ప్రతి కాగితం ఎవరు రాశారో కనుక్కుని ఫోన్ చేస్తూ మూడు వారాలు గడిపాను. కొందరు సొంత లెక్కలో, కొందరు బయటి లెక్కలో రాశారు. ఒకాయన నా సౌకర్యం కోసమని మధ్యలో మార్చారట.

సరిదిద్దాక చూస్తే చుక్కలన్నీ తారు రోడ్ల వెంబడే ఉన్నాయి. ఆ దారిన వెళ్లింది దోమా, మా జీపా? స్టీఫెన్సై ఇళ్ల తొట్టెల్లో, కట్టడాల దగ్గర నిలవ నీళ్లలో పెరుగుతుంది. అందుకే వానలు లేకపోయినా బతుకుతుంది. 2022లో డిరే దావాలో ఎండు నెలల్లో ఎగసిన మలేరియాకు దీనితో లంకె తేలింది. కనుక రోడ్డుకు దూరంగా లేదనే భరోసా ఏమిటి? వెతికినా దొరకనిచోట ఖాళీ వలయం, అసలు వెతకనిచోట బూడిదరంగు వేశాను. పటమంతా బూడిదే అయింది. పైవాళ్లకు నచ్చలేదు, నేను తీయలేదు.

కాగితంలో మాత్రం రెండు గడులు పెట్టించాను, ఇక్కడి తేదీకి ఒకటి, బయటి తేదీకి ఒకటి. మొదట వచ్చిన కట్టలో రెండు గడుల్లోనూ 2014 అనే ఉంది.