మళ్లీ మళ్లీ వచ్చే యూరిన్ ఇన్ఫెక్షన్: నా అనుభవం

యాభై దాటిన దగ్గర్నుంచి నాకు మూత్రంలో మంట మొదలైంది. మాత్రలు వాడితే తగ్గేది, కొన్నాళ్లకు మళ్లీ పట్టుకునేది. చుక్కచుక్కగా రావడం, పొత్తికడుపు పట్టేసినట్టు నొప్పి, రాత్రంతా లేవడంతోనే సరిపోవడం. ఆర్నెల్లలో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే తిరగబెట్టే ఇన్ఫెక్షన్ అంటారు. నాది ఆ లెక్క ఎప్పుడో దాటింది.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట, వేడి చేసిందని. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, కొబ్బరిబోండాలు అన్నీ అయ్యాయి. అవి తాగితే కాస్త హాయిగా ఉండేది, కాదనను. నన్ను కుంగదీసింది ఇంకో మాట. "శుభ్రంగా ఉంటే ఇలాంటివి ఎందుకొస్తాయండీ?" అని మా స్కూల్ స్టాఫ్‌రూములో ఒకావిడ అందరి ముందే అంది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి అసలు కారణం ఆ మాటే.

మా గైనకాలజిస్టు మేడమ్ ఈసారి ముందుగా మాత్ర రాయలేదు. "యాంటీబయాటిక్ పడకముందే యూరిన్ కల్చర్‌కి ఇవ్వమ్మా" అన్నారు. మూత్రంలోని బ్యాక్టీరియాని ల్యాబులో పెంచి, అది ఏదో, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష అది. మొదటి ధార వదిలేసి, మధ్యలో వచ్చేది ల్యాబ్ వాళ్లిచ్చిన స్టెరైల్ డబ్బాలో పట్టాలి. డబ్బా లోపలి అంచుకు చెయ్యి తగలకూడదు. ఆలస్యం చేయకుండా ల్యాబుకు చేర్చాలి, లేకపోతే దార్లోనే బ్యాక్టీరియా పెరిగిపోయి లెక్క తప్పుతుంది. రిపోర్టు రావడానికి రెండు రోజులు. ఆ మంటతో రెండు రోజులు ఆగడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు.

రిపోర్టులో ఈ.కోలై అనే బ్యాక్టీరియా పేరు ఉంది, మిల్లీలీటరుకు లక్షకు పైగా. కింద మందుల పట్టిక. నేను అంతకుముందు వాడిన మాత్రల పేర్ల ఎదురుగా "ఆర్" అని ఉంది, అంటే ఆ మందుకు ఇది లొంగదు. నైట్రోఫ్యూరంటాయిన్ ఎదురుగా "ఎస్", అంటే దీనికి లొంగుతుంది. మేడమ్ అదే రాశారు. అన్నం తిన్నాక వేసుకోవాలి, మూత్రం ముదురు పసుపులో వస్తుంది, కంగారు పడొద్దని ముందే చెప్పారు. మంట తగ్గింది.

అయినా నా ప్రశ్న అలాగే ఉంది. ఇది ఎక్కడ దాక్కుని మళ్లీ మళ్లీ వస్తోంది? మా అక్క కూతురు మైక్రోబయాలజీలో పీజీ చేస్తోంది. సెలవులకు వచ్చినప్పుడు పట్టుకుని అడిగాను. ఫోన్లో ఒక ప్లేటు ఫోటో చూపించింది. బ్యాక్టీరియాని పెంచే మెకాంకీ అగార్ అట, దాని నిండా గులాబీ రంగు చుక్కలు, అవే ఈ.కోలై. "ఇది మన పేగుల్లో ఉండేదే పిన్నీ. అందరిలోనూ ఉంటుంది. ఆడవాళ్లకు మూత్రనాళం పొడవు నాలుగు సెంటీమీటర్లే కాబట్టి తేలిగ్గా పైకి ఎక్కుతుంది. ఎక్కాక అక్కడ నిలబడగలదా లేదా అన్నది దాని దగ్గరున్న సరంజామాని బట్టి ఉంటుంది" అంది. ఆ సరంజామానే వాళ్లు విరులెన్స్ ఫ్యాక్టర్లు అంటారు.

వాటిలో నన్ను ఆశ్చర్యపరిచింది ఫింబ్రియా. బ్యాక్టీరియా ఒంటి నిండా సన్నటి నూగులాంటి పోగులు. ఒక్కో పోగు కొసన ఫిమ్‌హెచ్ అనే ప్రొటీన్ ఉంటుంది. మూత్రాశయం లోపలి పొర మీద మ్యానోజ్ అనే చక్కెర ఉంటుంది, ఈ ప్రొటీన్ దాన్ని పట్టుకుంటుంది. మూత్రం ధాటికి కొట్టుకుపోవాలి కదా అంటే, గాలానికి చిక్కిన చేప లాగేకొద్దీ బిగుసుకున్నట్టు, ప్రవాహం తోసేకొద్దీ ఆ పట్టు గట్టిపడుతుందట. మన శరీరమూ ఊరుకోదు. యూరోమాడ్యులిన్ అనే ప్రొటీన్‌ని మూత్రంలోకి వదులుతుంది. దాని మీదా అదే మ్యానోజ్ ఉంటుంది, బ్యాక్టీరియా కొంత దానికే అతుక్కుని బయటికి పోతుంది.

పోనిది కణాల లోపలికే దూరుతుంది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో స్కాట్ హల్ట్‌గ్రెన్ బృందం 2003లో ఎలుకల మీద దీన్ని చూపించింది. మూత్రాశయపు పైపొర కణాల్లో బ్యాక్టీరియా గుంపులు కట్టి పెరుగుతోంది. తర్వాత ఇన్ఫెక్షన్ ఉన్న ఆడవాళ్ల మూత్రంలో రాలిన కణాల్లోనూ అలాంటి గుంపులే కనిపించాయి. అక్కడ చాలా మందులు సరిగా అందవు. కొన్ని లోపొరల్లో నిద్రపోతున్నట్టు పడి ఉండి ఎప్పుడో లేస్తాయి. ఈ సంగతి విన్న రోజు నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. పైపైన ఎంత కడిగితే మాత్రం అది పోతుందా!

ఇంకా ఉన్నాయి. మూత్రంలో ఇనుము చాలా తక్కువ, దాన్ని లాక్కోవడానికి ఈ.కోలై సిడరోఫోర్లు అనే పదార్థాలు వదులుతుంది. హీమోలైసిన్ అనే విషంతో కణాలకు చిల్లులు పెడుతుంది. కొన్ని రకాలకు పీ ఫింబ్రియా అనే వేరే పోగులుంటాయి, అవి కిడ్నీ కణాలను పట్టుకుంటాయి. అందుకే చలితో జ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు వస్తే ఇంట్లో ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నేను వాడిన నైట్రోఫ్యూరంటాయిన్ కూడా కిడ్నీ ఇన్ఫెక్షన్‌కి పనికిరాదు.

నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి, యోనిలో ఉండే లాక్టోబాసిల్లై అనే మంచి బ్యాక్టీరియా తగ్గిపోతాయి. ఆ చోటు ఈ.కోలైకి దొరుకుతుంది. మేడమ్ యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఇచ్చారు. నాకు ఎక్కువ గుణం కనిపించింది దానితోనే, మీ డాక్టర్‌ని మొహమాటపడకుండా అడగండి. బ్యాక్టీరియా దానికే అతుక్కుని బయటికి పోతుందేమోనని మ్యానోజ్ పొడి గురించీ అడిగాను. బ్రిటన్‌లో దాదాపు 600 మంది ఆడవాళ్ల మీద చేసిన పరీక్షలో అది ఇన్ఫెక్షన్లను తగ్గించలేదని 2024లో తేలింది, డబ్బు దండగ అన్నారు. నీళ్లు మాత్రం తాగాలి. స్కూల్లో సరైన టాయిలెట్ లేక పొద్దున్నుంచి గొంతు తడుపుకోకుండా పాఠాలు చెప్పే టీచర్లు ఎంతమందో! ఇది మాత్రం ఒంట్లో ఉన్న సమస్య కాదు, మేమందరం కలిసి హెడ్మాస్టారుకు అర్జీ పెట్టుకున్నాం.

ఆ తర్వాత ఒక మామూలు చెకప్‌లో మళ్లీ కల్చర్‌లో ఈ.కోలై వచ్చింది. గుండె జారిపోయింది. "మంట ఉందా? జ్వరం ఉందా?" అని అడిగారు మేడమ్. ఏదీ లేదన్నాను. "అయితే మందు వద్దు" అన్నారు. గర్భిణులకైతే, మూత్రమార్గంలో ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లకైతే తప్ప, బాధ లేకుండా బ్యాక్టీరియా ఉన్నంత మాత్రాన యాంటీబయాటిక్ ఇవ్వరట. ఇంటికొచ్చి మా అక్క కూతురికి ఫోన్ చేశాను. స్వీడన్‌లో ఒక అమ్మాయి మూత్రంలో ఏ బాధా పెట్టకుండా మూడేళ్లు ఉన్న 83972 అనే ఈ.కోలై రకం గురించి చెప్పింది. దాని ఫింబ్రియా జన్యువులు పాడైపోయి, పట్టుకునే శక్తి పోయింది. తిరగబెట్టే ఇన్ఫెక్షన్లున్న కొందరి మూత్రాశయంలో డాక్టర్లు దాన్నే కావాలని ప్రవేశపెట్టి, చెడ్డవాటికి చోటు లేకుండా చేసి చూశారట. నాలో ఉన్నది ఏ రకమో కల్చర్ రిపోర్టు చెప్పదు. బాధ లేదు కాబట్టి మందు వాడలేదు, క్రీమ్ కొనసాగిస్తున్నాను.