చెక్‌పోస్టు దగ్గర ఏం చెప్పాలి?

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక, విశాఖలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మధ్య పనిచేసే నాకొచ్చిన ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న: "పోలీసోలు ఆపితే ఏటి చెప్పమంటావక్కా?"

మందులకెళ్తున్నట్టు ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల) పుస్తకం చూపిస్తే వదిలేసేవారు. కానీ ఎన్‌ఏడీ జంక్షన్‌లో నలుగురి ముందు ఓ ఆడమనిషి దాన్ని ఎలా తీస్తుంది? "బీపీ మాత్రలని చెప్పమ్మా" అనేదాన్ని. హెచ్‌ఐవీ ఉందని చెప్పమని ఎవర్నీ బలవంతపెట్టకూడదని 2017 చట్టం ఉంది. మిట్టమధ్యాహ్నం లాఠీ ముందు ఆ సెక్షన్ ఎవరు చదువుతారు!

బస్సుల్లేవు, ఆటోల్లేవు. పెందుర్తి అవతల నుంచి మందులిచ్చే కేజీహెచ్ పెద్దాసుపత్రికి రావడమెలా? ఒకేసారి ఎక్కువ నెలల మందు ఇవ్వమని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) చెప్పడం నిజంగా మేలు చేసింది. కొందరికి మేమే బండి మీద అందించాం. మందు ఆగితే ఒంట్లో వైరస్ మళ్లీ పెరుగుతుంది. వేసుకుంటూ మానుతూ ఉంటే ఆ మందుకే లొంగకుండా పోతుంది.

ఎవరూ మాట్లాడనిది ఇంటి సంగతి. అందరూ రోజంతా ఇంట్లోనే ఉంటే అత్తకి తెలీకుండా మాత్ర ఎప్పుడు మింగాలి? ఒకామె గలగల వినబడకుండా డబ్బాలో దూది కుక్కుకుంది.

పరీక్షలు, కండోమ్‌ల పంపిణీ బాగా దెబ్బతిన్నాయి. ఏటా ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేట నిషేధం మొదలవుతుంది. ఆ ఏడు అంతకుముందే బోట్లు ఆగాయి, హార్బర్ వైపు సెక్స్ వర్క్ చేసే ఆడవాళ్లకి గిరాకీ పోయింది. కండోమ్‌లు తీసుకెళ్తే "కందిపప్పేమైనా తెచ్చావా అక్కా?" అన్నారు. ఆ తర్వాత రెండూ ఒకే సంచిలో పట్టుకెళ్లాం.